అది చాదస్తం కాదండీ!

చెంబు నాలుగుసార్లు తోమే ఆడవాళ్లని మా విజయనగరంలో "చాదస్తం" అని నవ్వేస్తాం. మా తోటికోడలు చేతులు కడిగి కడిగి తోలు పగిలి రక్తం చిమ్మేదాకా నేనూ నవ్వానండీ! "అక్కా, శుభ్రం అయిందేటి?" అని అడిగినప్పుడల్లా "అయిందే తల్లీ" అనేదాన్ని, రోజుకి ఇరవైసార్లు. అదే నా పొరపాటని తర్వాత తెలిసింది.

ఈ జబ్బు పేరు ఓసీడీ. దీనికి వైద్యం ఎలా చేయాలో భారత మానసిక వైద్యుల సంఘం 2017లో డాక్టర్ల కోసం మార్గదర్శకాలు ప్రచురించింది. తయారుచేసింది బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు. మందు పనిచేస్తోందో లేదో తేలడానికి దాదాపు 12 వారాలు పడుతుందట. మనమేమో పదిరోజులకే "గుణం లేదు" అని మానేస్తాం! తగ్గాక కూడా కనీసం ఏడాది, రెండేళ్లు వాడాలి. మురికనిపించినదాన్ని ముట్టుకుని, కడుక్కోకుండా ఓర్చుకునే అభ్యాసం కూడా మెల్లగా చేయిస్తారు. అలాంటప్పుడు ఇంట్లోవాళ్లు "శుభ్రమేలే" అని మాటిమాటికీ సముదాయించకూడదు. కష్టమే సుమండీ!

విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆస్పత్రి ఉంది. అంతదూరం వెళ్లలేకపోతే ముందు 14416కి ఫోను చేయండి, టెలీ మానస్ వారు తెలుగులోనే మాట్లాడతారు.

మా తోటికోడలు ఇప్పుడు ఒకసారి కడిగి, నావైపు చూస్తుంది. నేను తల వంచుకుని బియ్యం ఏరుకుంటాను.