పెరటి కోళ్ల ఆరుబయటి స్థలం: పక్షి అవసరం, నేల ఓర్పు

తెలుగు పల్లెల్లో కోడికి ఎంత జాగా కావాలన్న ప్రశ్న చాలాకాలం ఎవరికీ తట్టలేదు. పొద్దున గంప ఎత్తగానే కోళ్లు దొడ్డి, పెంటదిబ్బ, కళ్లం, పక్కింటి వాకిలి కలయతిరిగి చీకటి పడేలోపు గూటికి చేరుకునేవి. వాటి రెట్ట కూడా ఒకచోట పేరుకోకుండా అంతటా పడేది. కంచె వేసిన నాడే ఈ ప్రశ్న పుట్టింది. భారత వ్యవసాయ పరిశోధన మండలి ఆధ్వర్యంలో హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ఉన్న కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి రకాలను ప్రహరీగోడ నడుమ పెంచదలచిన కుటుంబానికి ఇది మొదటి ప్రశ్న కావాలి.

కోడి శరీరానికి కావలసిన స్థలం కొలవడం కష్టమేమీ కాదు. మేరియన్ డాకిన్స్, హార్డీ 1989లో ప్రచురించిన పరిశోధనలో గుడ్ల పెట్ట ఒకసారి చుట్టూ తిరగడానికి 771 నుండి 1377 చదరపు సెంటీమీటర్లు, రెక్కలు కొట్టుకోవడానికి 860 నుండి 1980 వరకు అవసరమని తేలింది. ఐరోపా సమాఖ్య 1999 నాటి ఆదేశం పాత తరహా పంజరంలో పెట్టకు నిర్దేశించిన కనీస స్థలం 550 మాత్రమే. ఆ పంజరాలు అక్కడ 2012 నుండి నిషిద్ధమయ్యాయి.

కదలికకు చాలినంత చోటు ఉంటే సరిపోతుందా అంటే, లేదు. ఎర్ర అడవికోళ్లపై డాకిన్స్ అదే ఏడాది ప్రచురించిన మరో అధ్యయనంలో, పరిశీలించిన నిమిషాలలో సుమారు 60 శాతంలో అవి నేలను పొడుస్తూ, 34 శాతంలో కాళ్లతో కెలుకుతూ కనిపించాయి. వాటికి మేత అందుతూనే ఉండేది. కడుపు నిండినంత మాత్రాన కోడి కెలకడం మానదన్నమాట. చిన్న దొడ్డిలో గడ్డి కొద్ది వారాల్లోనే మాయమవడానికి మూలం ఇదే.

ఆరుబయలు తిరిగే పెట్టకు ఐరోపా నిబంధనలు 4 చదరపు మీటర్లు అడుగుతాయి. తెలుగు రైతు లెక్కలో చెప్పాలంటే సెంటుకు పది కోళ్లు. తరచుగా వినిపించే అంకె ఇదే. అయితే 2021 చివరి వరకు అమల్లో ఉన్న 2008 నాటి సేంద్రియ వ్యవసాయ నిబంధనల్లో దీని పక్కనే మరొక పరిమితి ఉండేది. హెక్టారు భూమికి ఏడాదిలో పశువుల ఎరువు ద్వారా చేరే నత్రజని 170 కిలోలు మించరాదు. అందుకు సమానంగా అదే నిబంధనావళి పేర్కొన్న సంఖ్య హెక్టారుకు 230 గుడ్ల పెట్టలు. అంటే కోడికి దాదాపు 43 చదరపు మీటర్లు, సెంటు కంటే కాస్త ఎక్కువే. ఒకే చట్టంలోని ఈ రెండు కొలతల మధ్య తేడా పదిరెట్లకు పైమాటే. మొదటిది పక్షి కోసం పెట్టినది, రెండవది నేల కోసం. రెండవ లెక్క కోళ్లు తిరిగే చోటికి కాక సాగుభూమి మొత్తానికి వర్తిస్తుంది. మిగిలిన రెట్టను పొలాలకు తోలుకోగల రైతుకు ఇబ్బంది లేదు. పొలం లేని ఇంటివారు మొదటి అంకెను మాత్రమే అరువు తెచ్చుకుంటే చిక్కులు మొదలవుతాయి.

ఆ చిక్కులలో మొదటిది నత్రజని. రెండవది, మరింత తొందరగా బయటపడేది, పరాన్నజీవుల బెడద. కాక్సిడియోసిస్ కలిగించే సూక్ష్మజీవులు రెట్టతో బయటపడి, తేమ, వెచ్చదనం ఉన్న నేలలో ఒకటి రెండు రోజుల్లోనే సోకే దశకు చేరుతాయి. ఏలికపాముల గుడ్లకు రెండు మూడు వారాలు పడుతుంది. నీడలో, తడినేలలో అవి నెలల తరబడి బతికి ఉంటాయి. కనుక దొడ్డిని రెండుగా చీల్చి పదిహేను రోజులకొకసారి కోళ్లను మార్చితే గడ్డికి కొంత మేలు జరగవచ్చు గాని, ఏలికపాముల గుడ్లు సరిగ్గా పక్వానికి వచ్చే వేళకే కోళ్లు తిరిగి అక్కడికి చేరే ప్రమాదం ఉంది. నెలల విరామం ఇవ్వగలిగితేనే ప్రయోజనం. వేసవిలో ఖాళీగా వదిలిన మడిని తిరగదున్ని ఎండకు వదలడం ఇంకా మంచిది.

విస్తీర్ణం ఉన్నంత మాత్రాన కోళ్లు దానంతటినీ వాడుకోవు. వాటి పూర్వజాతి అడవి పొదల్లో బతికినది. బట్టబయలు ప్రదేశంలోకి సాహసించక అవి గూటి ముందరే గుమికూడతాయి, అక్కడే నేల బోడిపడుతుంది. దూరాన చెట్టునీడ ఉంటే అటు వెళ్తాయి. ఒక మునగచెట్టు, నాలుగు అరటి పిలకలు ఆ పని చేయగలవు.

ఇంటి వెనుక 60 గజాల దొడ్డి ఉందనుకుందాం. అది సుమారు 50 చదరపు మీటర్లు. నాలుగు మీటర్ల లెక్కన పన్నెండు కోళ్లు, నత్రజని లెక్కన ఒకే ఒక్కటి! నాలుగైదు కోళ్లను పెంచాలంటే మధ్యేమార్గం లేకపోలేదు. రాత్రి గూట్లో పడిన రెట్టను ఎప్పటికప్పుడు ఎత్తి, కుళ్లబెట్టి, దొడ్డి దాటించి వేరే నేలకు చేర్చాలి. దొడ్డిని మూడు మడులుగా విభజించి, కోళ్లున్న మడిలో ఎండుటాకులు, వరి ఊక మందంగా పరచి, తడిసినప్పుడు మార్చాలి. కోళ్లు ఖాళీ చేసిన మడిలో మొక్కజొన్నో తోటకూరో వేస్తే పేరుకున్న నత్రజనిని కొంతమేర పీల్చుకుంటాయి. ఇంత చేసినా వాన వెలిసిన మరునాడు కోళ్లున్న మడిలో ఘాటు వాసన వస్తూ ఉంటే, ఆ నేలకు కోళ్లు ఎక్కువైనట్లే లెక్క, విస్తీర్ణం ఎంతైనా సరే.