ట్యాంకు మీద గీరు పడితే

అప్పటి మద్రాసులో 1950ల మధ్యలో బులెట్ మోటారుసైకిళ్ళ తయారీ మొదలైంది. ఆ బండి పెట్రోలు ట్యాంకు మీది సన్నని బంగారు చారను పనివాళ్ళు కుంచె పట్టి చేత్తోనే గీసేవారు. తండ్రి నడిపిన బులెట్‌ను ఇప్పటికీ దాచుకున్న ఇళ్ళు మనలోనూ వున్నాయి. తాళంచెవి గీరుకుపోయిందని ట్యాంకు మొత్తానికి కొత్త రంగు వేయిస్తే, ఆ చేతిపని కూడా పోతుంది. కాబట్టి ముందు గీరు లోతు చూడండి.

రంగుకు రక్షణగా పైన వేసే పారదర్శకమైన పూతే క్లియర్ కోటు. దాని మందం సుమారు 50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో 20వ వంతు! గీరు మీద నీటిచుక్క వేయండి. తడికి మాయమైతే దెబ్బ పైపూతకే తగిలిందన్నమాట. గోరుకు తట్టకపోతే మెత్తని గుడ్డ, రబ్బింగ్ కాంపౌండు చాలు. కొద్దిగా తడితే 2000 నంబరు వాటర్ పేపరును సబ్బునీళ్ళలో నానబెట్టి, అక్కడి వరకే తేలిగ్గా నాలుగైదుసార్లు రుద్ది, తుడిచి చూడాలి. మసకబారిన చోటు కాంపౌండుతో మళ్ళీ మెరుస్తుంది. ట్యాంకు అంచుల్లో పూత పలుచన. అక్కడా, బంగారు చార మీదా పేపరు పెట్టకండి.

కొన్ని పాత బళ్ళకు క్లియర్ కోటే వుండదు. కనబడని మూల కాంపౌండుతో రుద్ది చూడండి. గుడ్డకు రంగు అంటితే వాటర్ పేపరు జోలికి పోవద్దు. ఇనుము బయటపడితే తుప్పు పట్టకముందే పెయింటరుకు చూపించి, ఆ కాస్త చోటే అద్దించండి.

ఇక దుమ్మును పొడిగుడ్డతో తుడిచే అలవాటు మానండి. ముందు నీళ్ళు పోసి కడిగితే సగం గీరులు అసలు పడవు.