ఆర్నెల్ల గడువు ఎవరు పెట్టారు?

“ఆర్నెల్లు దాటింది గదా, ఇగ రాదు.” బోధన్ చుట్టుపక్కల లక్వా, అంటే పక్షవాతం, కొట్టిన మనిషి ఇంటికి పరామర్శకు వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు ఈ మాట అనకుండా పోరు. ఆ మనిషి పక్కనే మంచంలో ఉంటాడు. అతనికి పడిపోయింది మాట, వినికిడి కాదు. మర్నాటి నుంచి వ్యాయామం ఆగిపోతుంది. మంచం వసారాలోకి మారుతుంది. పెళ్లికి బయల్దేరేటప్పుడు “నువ్వెందుకులే” అంటారు. రోగం కాలూ చేయీ పట్టుకుంటే, ఈ మాట మిగతా మనిషిని కూడా పట్టుకుంటోంది.

ఈ గడువు ఎవరు పెట్టారు? మొదటి మూడు నెలల్లో కోలుకోవడం వేగంగా సాగుతుంది, ఆరు నెలలయ్యాక నెమ్మదిస్తుంది. డాక్టర్లు చెప్పేది అంతవరకే. నెమ్మదించడాన్ని ఆగిపోవడంగా మార్చింది మనమే. చెరకు కొట్టిన పొలంలో మోళ్లను ఎండబెట్టుకునే రైతు ఈ ప్రాంతంలో ఉంటాడా? నీళ్లు పెడితే మళ్లీ పిలక వేస్తుందని తెలుసు కాబట్టే మడి తడుపుతాడు.

అమెరికాలో ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రవేత్త ఒక సంగతి గమనించాడు. పడిపోయిన చేత్తో పని కాక, అన్నీ రెండో చేత్తోనే చేసుకుంటూ పోతే, ఆ చేతిని వాడకపోవడమే మెదడుకు అలవాటవుతుంది. అందుకని బాగున్న చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేతితోనే పనులు చేయించాడు. 1993లో ప్రచురించిన ఆయన పరిశోధనలో పాల్గొన్నవారు పక్షవాతం వచ్చి ఏడాది దాటినవాళ్లు. వాళ్ల చేతి వాడకం మెరుగుపడింది. వేళ్లు, మణికట్టు కాస్తయినా కదిలేవారికే ఈ పద్ధతి పనికొస్తుంది, నిజమే. కానీ ఆ కాస్త కదలిక ఉందో లేదో కూడా చూడకుండా ఎన్ని ఇళ్లలో చేతులు వదిలేస్తున్నాం!

మా ఇంట్లోనే వదిలేశాం. మా మేనత్త బీడీలు చుట్టేది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టే కుడిచేయి ఒకనాటి పొద్దున పడిపోయింది, మాట కూడా పోయింది. మేం ప్రేమతోనే అన్నీ చేతికందించాం. అన్నం తినిపించాం, జడ వేశాం. రెండేళ్లలో ఆ చేయి పిడికిలి బిగుసుకుపోయింది. బతుకమ్మ ముందురోజు ఆమె మనవరాలు, ఎవరినీ అడక్కుండా, గునుగు పూల కట్ట తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. అత్తమ్మ ఎడమచేత్తో కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక కాడ ఇరికించుకుంది. అది జారింది. మళ్లీ పెట్టుకుంది. తాంబాలం అంచున ఒక్క వరస తంగేడు, గునుగు పేర్చడానికి దీపాలు పెట్టే వేళయింది. ఆ వరస వంకరగానే ఉంది. దాన్ని సరిచేయబోయిన మా అమ్మ చేతిని పక్కకు నెట్టేసింది.

మర్నాడు వాడకట్టు ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ పాడుతుంటే, రెండేళ్లుగా “ఆఁ, ఊఁ” తప్ప అనలేని మనిషి కుర్చీలో కూర్చుని వాళ్లతో గొంతు కలిపింది. పాటలో పదాలు పలికాయి. ఇది అమ్మవారి మహిమ అన్నారు. ఆ నమ్మకం జోలికి నేను పోను గానీ, దీనికి కారణం మెదడులోనే ఉంది. చాలామందికి మాట మెదడు ఎడమ సగంలో ఉంటుంది, రాగానికి కుడి సగం కూడా తోడొస్తుంది. మాట పోయినవాళ్లు పాడగలగడం వైద్యులు ఎప్పటినుంచో చూస్తున్నదే. 1973లో బోస్టన్‌లో దీని ఆధారంగా ఒక చికిత్స పద్ధతే తయారైంది. పాడినంత మాత్రాన మర్నాటికి మాట వచ్చేయదు, అత్తమ్మకూ రాలేదు. ఇప్పుడు నీళ్లు కావాలంటే రాగం తీసి అడుగుతుంది.

“ముందు నయం కానీ, తర్వాత చూద్దాం ఈ సంబరాలు” అనేవాళ్లకు ఒక మాట. పక్షవాతం వచ్చినవాళ్లలో ఇంచుమించు ముగ్గురిలో ఒకరిని కుంగుబాటు పట్టుకుంటుంది. కుంగిన మనిషి వ్యాయామమూ చేయడు, మందూ మింగడు. ఫిన్లాండ్‌లో చేసి 2008లో ప్రచురించిన పరిశోధనలో, పక్షవాతం వచ్చిన కొద్దిరోజుల నుంచే రెండు నెలలపాటు రోజూ తమకిష్టమైన సంగీతం విన్నవాళ్లకు జ్ఞాపకశక్తి, ఏకాగ్రత మిగతావాళ్లకన్నా ఎక్కువ మెరుగయ్యాయి, దిగులూ తక్కువగా ఉంది. స్వీడన్ కవి ట్రాన్స్‌ట్రోమర్‌కు 1990లో పక్షవాతం వచ్చి మాట పోయింది, కుడిచేయి పోయింది. ఎడమచేత్తో పియానో వాయించాడు, కవిత్వం అచ్చువేశాడు, 2011లో నోబెల్ అందుకున్నాడు.

ఇక నాటువైద్యాల విషయం. పావురం రక్తం పూస్తే నరాలు లేవవు. పసరు పోయడమైతే ప్రాణాంతకం: సరిగా మింగలేని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నూనె మాలిష్ సంగతి మాత్రం కొంత ఒప్పుకోవాలి. అది చచ్చుబడ్డ చేతికి బలం తేదు. కానీ రోజూ అరగంట ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఆ చేతిని ముట్టుకుంటారు, మెల్లగా చాపుతారు. చేయండి. భుజం పట్టి గుంజకండి, కీలు జారుతుంది.

ఒంట్లో బాగుందనిపించాక కూడా బీపీ మాత్ర మానకూడదు. మళ్లీ మూతి వంకరపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి, సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికే పోవాలి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న సమయం నాలుగున్నర గంటలు. నిజంగా గడువన్నది అక్కడుంది, ఆర్నెల్ల దగ్గర కాదు.

బోధన్ శక్కర్‌నగర్‌లో లక్వా కొట్టిన ఒక పెద్దమనిషి ఉన్నాడు. 2015 డిసెంబరులో మూతపడ్డ నిజాం షుగర్స్‌లో ఆయనతో పనిచేసిన ఇద్దరు, రోజూ పొద్దున వచ్చి చెరో వైపు నడుస్తూ చాయ్ హోటల్‌కు తీసుకుపోతారు. పది నిమిషాల దారికి అరగంట పడుతుంది. వాళ్లు తొందరపెట్టరు. మీకు తెలిసినవాళ్లకు లక్వా వస్తే మీరూ అలాగే వెళ్లండి. ఇంట్లోవాళ్లను “ఎట్లుండు?” అని అడక్కండి. కుర్చీ మంచం పక్కకు లాక్కుని ఆ మనిషినే అడగండి, జవాబు వచ్చేదాకా ఆగండి.