లాటినా, లాటినో స్టడీస్

స్పానిష్‌లో ‘లాటినో’ పురుషుడు, ‘లాటినా’ స్త్రీ. లాటిన్ అమెరికా మూలాలతో అమెరికాలో బతుకుతున్నవారి పేర్లివి. 2020 జనాభా లెక్కల్లో హిస్పానిక్, లాటినోలుగా నమోదైనవారు సుమారు 6.2 కోట్లు. వారి చరిత్ర, సాహిత్యం, వలసలు, కూలి పోరాటాలే లాటినా, లాటినో స్టడీస్ డిగ్రీలో పాఠాలు. లాటిన్ అమెరికన్ స్టడీస్ వేరు: అది మెక్సికో, పెరూ వంటి దేశాలను చదువుతుంది, ఇది ముఖ్యంగా అమెరికాలో ఉంటున్న మనుషులను చదువుతుంది.

ఈ చదువు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1968 మార్చిలో తూర్పు లాస్ ఏంజెలెస్‌లో వేలాది హైస్కూలు పిల్లలు తరగతులు వదిలి వీధుల్లోకి వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది మెక్సికన్ అమెరికన్లే. బళ్లో స్పానిష్ మాట్లాడితే శిక్ష, పాఠాల్లో తమవాళ్ల ఊసే లేదు. అమ్మ మాట్లాడే భాష పలికినందుకు దెబ్బలు తిన్న పిల్లల కడుపుమంట అది. ఆ ఏడాదే లాస్ ఏంజెలెస్ స్టేట్ కాలేజీలో మెక్సికన్ అమెరికన్ స్టడీస్ మొదలైంది. 1969లో శాంటా బార్బరాలో విద్యార్థులు, అధ్యాపకులు కూర్చుని ఈ చదువుకు ప్రణాళిక రాశారు. న్యూయార్క్‌లో ప్యూర్టోరికో విద్యార్థులూ పోరాడి తమ విభాగాలు సాధించుకున్నారు.

ఈ డిగ్రీ సాధారణంగా నాలుగేళ్ల కోర్సు. పెద్దల జ్ఞాపకాలను రికార్డు చేయడం చాలాచోట్ల ఇందులో భాగం. అమెరికా, మెక్సికో సరిహద్దు బతుకుపై రచయిత్రి గ్లోరియా అన్సాల్దువా 1987లో తెచ్చిన ‘బోర్డర్‌లాండ్స్’ తరచూ పాఠ్యగ్రంథం. చదివినవారు టీచర్లుగా, లాయర్లుగా, సామాజిక కార్యకర్తలుగా వెళుతుంటారు.

దీనిపై రాజకీయ దాడి కొత్త కాదు. 2010లో అరిజోనా రాష్ట్రం తెచ్చిన చట్టంతో అక్కడి టూసాన్ నగర బడుల్లో మెక్సికన్ అమెరికన్ పాఠాలు ఆగిపోయాయి. దాని వెనుక జాతి వివక్ష ఉందని 2017లో ఫెడరల్ న్యాయమూర్తి తేల్చి, అమలును నిలిపేశారు.