తనంతట తానే తగ్గే మంట

కట్టెల పొయ్యిలో మంట ఎక్కువైతే మన అమ్మలు ఏం చేసేవారు? ఓ కట్టె వెనక్కి లాగేవారు. అమెరికాలో చలికాలం ఇల్లు వెచ్చగా ఉంచే ఇనప పొయ్యికి తలుపుంటుంది. కట్టె లాగడానికి వీల్లేదు. అందుకని మంటకి అందే గాలిని తగ్గిస్తారు. కొన్ని పొయ్యిల్లో ఆ పని దానంతటదే జరిగిపోతుంది.

ఎలాగంటారా? మన కరెంటు ఇస్త్రీపెట్టె కాగగానే 'టిక్' మంటుంది కదా! అందులో రెండు లోహాలు అతికిన బద్దీ ఉంటుంది. వేడికి ఒకటి ఎక్కువ సాగుతుంది, రెండోది తక్కువ. దాంతో బద్దీ వంగుతుంది. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ హారిసన్ తన గడియారంలో ఇత్తడి, ఉక్కు కలిపి ఇలాంటిదే వాడాడు.

పొయ్యికి ఆ బద్దీని చుట్టలా చుట్టి పెడతారు. వేడెక్కితే చుట్ట మెలి తిరిగి, గొలుసుకి వేలాడే రేకు మూతని దించుతుంది. గాలి తగ్గి మంట తగ్గుతుంది. చల్లబడితే మూత మళ్ళీ లేస్తుంది. కరెంటుతో పనే లేదు.

అయితే చుట్టకి వేడే తెలుసు, పొగ తెలియదు. పచ్చికట్టెలు వేసి, మర బాగా తగ్గించి పడుకుంటే పొగ గొట్టంలో తారులా పేరుకుంటుంది. అది అంటుకుంటే ఇంటికే ముప్పు. బూడిద తలుపు ఓరగా ఉన్నా ప్రమాదమే. గాలి దొడ్డిదారిన వస్తుంటే మూత పడినా మంట ఆగదు.

అక్కడుంటున్న మా చెల్లెలు "అన్నీ అదే చూసుకుంటుందిలే అక్కా" అంది. "అది మంటని చూస్తుంది. ఎండు కట్టె, ఏటేటా గొట్టం శుభ్రం మనమే చూడాలి తల్లీ" అన్నాను.