ఉద్యమాల వేళ లీగు పోటీలు ఏమవుతాయి?

జాతీయ స్థాయి లీగు పోటీ నడవాలంటే తేదీలు, వేదికలు, ప్రయాణాలు, టిక్కెట్లు, టీవీ ప్రసారం అన్నీ నెలల ముందే కుదరాలి. వీటన్నిటికీ ఆధారం పోలీసు బందోబస్తు. ఎన్నికలో, ఉద్యమమో, అల్లర్లో వచ్చినప్పుడు మొదట కరవయ్యేది అదే. అప్పుడు నిర్వాహకుల ముందు నాలుగు దారులే మిగులుతాయి: వాయిదా వేయడం, వేదిక మార్చడం, ప్రేక్షకులు లేకుండా ఆడించడం, పూర్తిగా రద్దు చేయడం.

ఫుట్‌బాల్ ప్రపంచంలో ఇటువంటి ఘటనలు అనేకం. తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ మాత్రం క్రికెట్‌లో ఉంది. హైదరాబాద్ జట్టు దక్కన్ ఛార్జర్స్ 2009, 2010 సంవత్సరాలలో వరుసగా రెండు ఐపీఎల్ సీజన్లు సొంత మైదానంలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ముగించింది.

ఎన్నికలతో దేశం దాటిన లీగు

2009 లోక్‌సభ ఎన్నికలు ఏప్రిల్ 16 నుంచి మే 13 వరకు ఐదు విడతలుగా జరిగాయి. ఐపీఎల్ కూడా ఆ రోజులలోనే జరగవలసి ఉంది. 2008 నవంబరులో ముంబయిపై ఉగ్రవాద దాడి, 2009 మార్చిలో లాహోర్‌లో శ్రీలంక జట్టుపై కాల్పులు జరిగిన తరువాత భద్రత విషయంలో ఎవరూ సాహసించే స్థితి లేదు. ఎన్నికలకూ క్రికెట్‌కూ ఒకేసారి బలగాలను సమకూర్చడం కష్టమని ప్రభుత్వం తేల్చడంతో లీగు మొత్తం దక్షిణాఫ్రికాకు తరలింది.

మే 24న జోహానెస్‌బర్గ్‌లో జరిగిన ఫైనల్ కంప్లి వంటి ఊళ్లకు ప్రత్యేకమైనది. ఒక పక్క హైదరాబాద్, మరో పక్క బెంగళూరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నడిచే సరిహద్దు పల్లెలలో ఎవరి పక్షం వహించాలన్నది తేలికైన ప్రశ్న కాదు. బెంగళూరు సారథి అనిల్ కుంబ్లే 16 పరుగులకే 4 వికెట్లు తీసినా, హైదరాబాద్ జట్టు 6 పరుగుల తేడాతో గెలిచింది. 2008లో పట్టికలో అట్టడుగున నిలిచిన జట్టు మరుసటి ఏడే విజేత అయింది. అయితే ఆ గెలుపును సొంత ఊరి జనం టీవీలోనే చూడవలసి వచ్చింది.

తెలంగాణ ఉద్యమం, 2010

విజేతగా నిలిచిన జట్టు తరువాతి సీజన్‌ను హైదరాబాద్‌లో ప్రారంభించవలసింది. ఈలోగా 2009 నవంబరు 29న కె. చంద్రశేఖరరావు నిరాహార దీక్ష మొదలయింది. డిసెంబరు 9న తెలంగాణ ఏర్పాటు ప్రక్రియను ప్రారంభిస్తామని కేంద్రం ప్రకటించగా, కోస్తా, రాయలసీమలలో వ్యతిరేక ఉద్యమం చెలరేగింది. డిసెంబరు 23న కేంద్రం మరో ప్రకటన చేయడంతో తెలంగాణలో ఆందోళన మళ్లీ తీవ్రమయింది. అటు హైదరాబాద్, ఇటు విశాఖపట్నం రెండూ అనిశ్చితిలో పడ్డాయి. ఫలితంగా ఉభయ నగరాల మ్యాచ్‌లనూ నవీ ముంబయి, నాగపూర్, కటక్‌లకు మార్చారు. 2010 మార్చి 12న ప్రారంభ మ్యాచ్ నవీ ముంబయిలో జరిగింది.

ఆ జట్టు తడబడినా, చివరి ఐదు లీగు మ్యాచ్‌లనూ గెలిచి సెమీ ఫైనల్ చేరింది. అక్కడ చెన్నై చేతిలో ఓడింది. మూడో స్థానం కోసం జరిగిన మ్యాచ్‌లో బెంగళూరు 9 వికెట్ల తేడాతో గెలిచి ముందటి ఏటి బాకీ కొంత తీర్చుకుంది.

వేదిక మారితే నష్టం జట్టుకు మాత్రమే కాదు. మ్యాచ్ రోజున నాలుగు డబ్బులు సంపాదించుకునే ఆటోవాలాలు, తినుబండారాలు అమ్మేవారు, మైదానం పనివారు ఆ ఆదాయం కోల్పోతారు. పెద్ద ఆటగాళ్లను దగ్గరగా చూసి నేర్చుకునే అవకాశం స్థానిక బాలలకు పోతుంది.

ఫుట్‌బాల్‌లో గాయం మరింత లోతు

ఫుట్‌బాల్ లీగులో సగం మ్యాచ్‌లు సొంత గడ్డపై, సగం పరాయి గడ్డపై ఆడడం ఆనవాయితీ. చివరన నిలిచిన జట్లు దిగువ శ్రేణికి పడిపోతాయి. కనుక సొంత మైదానం పోతే జట్టు మనుగడకే ముప్పు. 2023 మే నెలలో మణిపూర్‌లో మొదలయిన జాతుల ఘర్షణల వల్ల ఇంఫాల్ క్లబ్బులు నెరోకా, ట్రావు 2023-24 ఐ-లీగ్‌లో తమ సొంత మ్యాచ్‌లను రాష్ట్రం బయట ఆడాయి. సీజన్ ముగిసేసరికి అట్టడుగు రెండు స్థానాలూ వాటివే.

ఉక్రెయిన్‌లో 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలు కాగానే లీగు ఆగిపోయింది. షక్తార్ జట్టు అగ్రస్థానంలో ఉన్నా, ఆ సీజన్‌కు విజేతను ప్రకటించలేదు. ఆగస్టులో ప్రేక్షకులు లేకుండానే కొత్త సీజన్ ఆరంభించారు. సైరన్ మోగితే ఆటగాళ్లు ఆట ఆపి ఆశ్రయాలలోకి వెళ్లవలసి వచ్చేది.

ఆలోచించవలసినది

గీతలు మారితే ఆటగాడి దారీ మారుతుందని మన ప్రాంతానికి కొత్తగా చెప్పనక్కరలేదు. 1953 అక్టోబరు 1న బళ్లారి జిల్లా చీలి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో, మిగిలినది మైసూరులో చేరాయి. క్రీడా సంఘాలు రాష్ట్రాల వారీగా నడుస్తాయి. కనుక అప్పటి వరకు ఒకే జిల్లా అయిన ఊళ్ల పిల్లలు నేడు వేర్వేరు రాష్ట్రాల ఎంపిక పోటీలకు వెళుతున్నారు.

పెద్ద లీగు ఎలాగో తేరుకుంటుంది. 2025 మేలో భారత్, పాకిస్తాన్ ఘర్షణ వల్ల వారం రోజులకు పైగా ఆగిన ఐపీఎల్ తిరిగి మొదలయి, జూన్ 3న ముగిసింది. 2009లో 6 పరుగులతో ఓడిన బెంగళూరు, ఈసారి అదే 6 పరుగుల తేడాతో తొలి కప్పు గెలిచింది. వయోపరిమితి గల పోటీలలో ఆడే పల్లె బాలుడికి ఆ వెసులుబాటు లేదు. బందుల వల్ల ఒక ఏడు పోటీ రద్దయితే, మరుసటి ఏటికి అతని వయసు మించిపోతుంది. పోటీని రద్దు చేసే ముందు వాయిదా, వేదిక మార్పు సాధ్యమా అని అధికారులు చూడవలసింది అందుకే. తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్న కూడా అదే.