ఫైర్‌వాల్ ఇంటర్‌ఫేసులు, ప్రవేశ సేవలు

ఫైర్‌వాల్ అనగా ఒక సంస్థ అంతర్గత నెట్‌వర్కుకూ ఇంటర్నెట్‌కూ నడుమ నిలిచి, రాకపోకలను నియమాల ప్రకారం అనుమతించే లేదా నిలిపివేసే భద్రతా పరికరము. నెట్‌వర్కు తీగలను తగిలించడానికి దీనికి గల ఒక్కొక్క ద్వారాన్ని ఇంటర్‌ఫేసు అంటారు. నిర్వాహకులు ఈ పరికరంలోనికి ప్రవేశించి అమరికలు మార్చడానికి ఉపకరించేవి ప్రవేశ సేవలు.

ఇంటర్‌ఫేసుల అమరిక

నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం వంటి ప్రాంగణాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇటువంటి చోట సాధారణంగా మూడు ఇంటర్‌ఫేసులైనా అవసరమవుతాయి. మొదటిది ఇంటర్నెట్ వైపు, రెండవది కార్యాలయాలు, ప్రయోగశాలల వైపు, మూడవది బయటివారు చూడవలసిన వెబ్ సర్వర్ల వైపు ఉంటాయి. వసతిగృహాల వై-ఫైకి మరొకటి కేటాయించడం మంచిది.

ప్రతి ఇంటర్‌ఫేసుకూ ఒక ఐపీ చిరునామా, సబ్‌నెట్ మాస్కు ఇవ్వాలి. మార్గనిర్దేశం చేసే పద్ధతిలో ఏ రెండు ఇంటర్‌ఫేసులూ ఒకే సబ్‌నెట్‌లో ఉండరాదు. లోపలి వైపున 10, 192.168 వంటి అంకెలతో మొదలయ్యే ప్రైవేటు చిరునామాలను వాడతారు. ఇవి ఇంటర్నెట్‌లో చెల్లవు కనుక, బయటకు వెళ్ళేటప్పుడు ఫైర్‌వాల్ వాటిని తన బయటి చిరునామాగా మారుస్తుంది.

ప్రవేశ సేవలు

ఫైర్‌వాల్ గుండా సాగిపోయే సమాచారం వేరు, ఫైర్‌వాల్‌నే ఉద్దేశించి వచ్చే సమాచారం వేరు. అనేక పరికరాలలో మొదటిదానికి రాసిన నియమాలు రెండవదానికి వర్తించవు. అందువలన ఏ ఇంటర్‌ఫేసుపై ఏ సేవ ఉండాలో విడిగా నిర్ణయించాలి.

* టెల్‌నెట్ (పోర్టు 23): సంకేత పదం గోప్యత లేకుండా ప్రయాణిస్తుంది, వాడరాదు.
* ఎస్‌ఎస్‌హెచ్ (పోర్టు 22): 1995లో ఫిన్లాండ్‌కు చెందిన టాటు యులోనెన్ రూపొందించాడు. తన విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో సంకేత పదాలు చోరీ కావడమే ఇందుకు ప్రేరణ. ఇందులో సమాచారమంతా గుప్తీకరింపబడుతుంది.
* హెచ్‌టీటీపీఎస్ (పోర్టు 443): బ్రౌజరు ద్వారా నిర్వహణకు ఉపయోగిస్తారు.

ఈ సేవలను ఇంటర్నెట్ వైపు మూసివేసి, లోపల కూడా నిర్వాహకుల కంప్యూటర్లకే పరిమితం చేయాలి. దూరం నుండి నిర్వహించవలసివస్తే వీపీఎన్ ద్వారా రావడం సురక్షితం.

జాగ్రత్తలు

పరికరంతో వచ్చిన సంకేత పదాన్ని మొదటిరోజే మార్చాలి. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము తెరచివుంచిన టెల్‌నెట్, మార్చని సంకేత పదాలు గల లక్షలాది కెమెరాలను, రౌటర్లను వశపరచుకున్నది. వాటితో ఆ ఏడాది అక్టోబరు 21న డిన్ సంస్థపై జరిపిన దాడివలన ట్విట్టర్ వంటి ప్రముఖ సైట్లు అనేకులకు అందకుండాపోయాయి.

అయితే మూసివేతలోనూ పొరపాటు జరగవచ్చు. హైదరాబాదులో కూర్చుని డిచ్‌పల్లిలోని ఫైర్‌వాల్‌ను సరిచేసే వ్యక్తి తాను వాడుతున్న సేవనే నిలిపివేస్తే, తిరిగి ప్రవేశించడానికి దారి ఉండదు. అప్పుడు ఎవరైనా పరికరం వద్దకే వెళ్ళి కన్సోల్ తీగను తగిలించాలి. కావున మార్పులకు ముందు అమరికల ప్రతిని భద్రపరచి, కొత్త దారి పనిచేస్తున్నదని నిర్ధారించుకున్న తరువాతే పాత దారిని మూయాలి.